ఫొటోలో మనిషి ఆకారాన్ని సరిదిద్దడం: లేయర్లు, మాస్కులతో మొదటి నుంచి చివరిదాకా

ఫోన్‌లో వైడ్ లెన్స్ పెట్టి తీసిన గ్రూప్ ఫొటోలో అంచున నిలబడ్డ మనిషిని ఒకసారి గమనించండి. భుజం, చెయ్యి పక్కకు సాగిపోయి అసలున్న దానికంటే లావుగా కనిపిస్తాయి. మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం మామూలుగానే ఉంటారు. అది మనిషి తప్పు కాదు, లెన్స్ చేసిన పని. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. చెయ్యి ఒంటికి ఆనించి నిలబడితే కండ నొక్కుకుపోయి వెడల్పుగా పడుతుంది. గాలికి చొక్కా ఉబ్బితే లేని పొట్ట వస్తుంది. కూర్చుని తీసిన ఫొటోలో బట్ట ముడతలన్నీ నడుం దగ్గర పోగుపడతాయి.

ఇలాంటి చోట ఆకారాన్ని కొద్దిగా సర్దడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. ఎక్కువగా ఫొటోషాప్ మాటల్లోనే చెబుతాను, జింప్ (ఉచితంగా దొరికే ఫొటో ఎడిటర్) వాడేవాళ్ల కోసం చివర్లో విడిగా రాశాను. ఈ పని చేసీ చేసీ నాకు బాగా తెలిసొచ్చింది ఒకటుంది. బ్రష్‌తో ఒంటిని జరపడం ఐదు నిమిషాల్లో ఎవరికైనా వస్తుంది. జరగకూడనిదాన్ని కదలకుండా పట్టి ఉంచడంలోనే పనితనం అంతా ఉంది. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు), మాస్కులు (లేయర్‌లో ఏది కనిపించాలో, ఏది దాగాలో చెప్పే ముసుగులు) ఉన్నది అందుకే.

ముందు ఫొటోని చూడండి

ఏ టూలూ పట్టుకోకముందు ఫొటోని స్క్రీన్‌కి సరిపడా పెట్టుకుని, ఏం మార్చాలో కాగితం మీద రాసుకోండి. "ఎడమ చెయ్యి, పైభాగం, కొద్దిగా." "చొక్కా ఉబ్బు, కుడి వైపు." అంతే. రెండు మూడు కంటే ఎక్కువ రాశారంటే మళ్లీ ఆలోచించండి. జాబితా లేకుండా మొదలుపెడితే చెయ్యి తర్వాత నడుం, నడుం తర్వాత దవడ అంటూ పోతూనే ఉంటాం. ఆఖరికి ఫొటోలో ఉన్నది ఎవరో వాళ్ల ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేరు.

ఫొటో వేరేవాళ్లదైతే ఈ జాబితా వాళ్లకు చెప్పి, సరేనన్నాకే మొదలుపెట్టండి. ఒక స్నేహితురాలి ఫొటోలో ఆమె అడక్కుండానే చేతులు సన్నం చేసి పంపాను ఒకసారి. మంచి చేశాననే అనుకున్నాను. "నా చేతులు బాలేవా?" అని ఒక్క మాట అడిగింది. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పటి నుంచి అడగకుండా ఎవరి ఒంటి మీదా బ్రష్ పెట్టలేదు.

ఫైల్ విషయంలో కూడా ఒక మాట. మెసేజీల్లో ఫార్వర్డ్ అయి వచ్చిన కాపీ వద్దు, కెమెరాలోంచి లేదా ఫోన్‌లోంచి అసలు ఫైలే తెప్పించుకోండి. కంప్రెస్ అయిన ఫొటోలో అంచుల చుట్టూ చిన్న చిన్న గళ్లు ఉంటాయి. ఒంటిని జరిపితే అవీ సాగి, ఎక్కడ చెయ్యి పెట్టామో చెప్పేస్తాయి. షార్పెనింగ్ కూడా ఇప్పుడే వద్దు. ఆకారం పని పూర్తయ్యాకే అది.

లేయర్లు పేర్చడం

ఫొటోషాప్‌లో లేయర్లు 1994లో, 3.0 వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు చేసిన మార్పు నేరుగా ఫొటోలోనే కలిసిపోయేది. ఇప్పుడు ఆ అవస్థ లేదు కాబట్టి కింద ఉన్న అసలు ఫొటోని ఎప్పటికీ ముట్టుకోకండి. మనకు మూడు లేయర్లు కావాలి. అడుగున అసలు ఫొటో, దాని మీద మనిషి లేని బ్యాక్‌గ్రౌండ్, అన్నిటికంటే పైన మనిషి ఒక్కరే.

మధ్యలో ఆ ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ ఎందుకో ముందు చెప్పాలి. చెయ్యిని లోపలికి నెడితే అంతవరకూ చెయ్యి ఉన్న చోట ఖాళీ వస్తుంది కదా, అక్కడ ఏదో ఒకటి కనిపించాలి. ఒకే లేయర్ మీద నెడితే ప్రోగ్రామ్ పక్కనున్న గోడని లాగి ఆ ఖాళీని నింపుతుంది. సాదా గోడైతే ఎవరికీ తెలియదు. వెనక తలుపు ఫ్రేమో, టైల్స్ గీతలో, కిటికీ ఊచలో ఉంటే మాత్రం అవి కూడా ఒంటితో పాటు వంగుతాయి. చూసేవాళ్లకు ఒంట్లో తేడా కనిపించదు. వంగిన తలుపు కనిపిస్తుంది, దాంతో మిగతాదంతా తెలిసిపోతుంది.

మొదట కంట్రోల్ జె కొట్టి కాపీ తీసుకోండి (మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్). సెలెక్ట్ మెనూలో సబ్జెక్ట్ నొక్కితే మనిషి చుట్టూ సెలెక్షన్ వస్తుంది. అది నూటికి నూరు పాళ్లు సరిగ్గా రాదు. వేళ్ల మధ్య సందులు, చంక దగ్గర కనిపించే బ్యాక్‌గ్రౌండ్ ముక్క, జుట్టు చివర్లు, ఈ మూడూ దగ్గరగా జూమ్ చేసి చూసుకోండి. జుట్టు కోసం సెలెక్ట్ అండ్ మాస్క్‌లోకి వెళ్లి రిఫైన్ ఎడ్జ్ బ్రష్ వాడండి. మీరు మార్చేది చెయ్యి ఒక్కటే అయితే జుట్టు మీద గంట ఖర్చుపెట్టక్కర్లేదు. చెయ్యి, దానికి ఆనుకున్న నడుం వరకే కత్తిరించినా సరిపోతుంది.

సెలెక్షన్ ఉండగానే లేయర్స్ ప్యానెల్ అడుగున మాస్క్ బటన్ నొక్కండి. ఇది మనిషి లేయర్. పేరు మార్చి "మనిషి" అని రాసుకోండి.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్. అడుగు లేయర్‌ని ఇంకోసారి కాపీ చేసి మధ్యలో పెట్టండి. కంట్రోల్ పట్టుకుని మనిషి లేయర్ మాస్క్ మీద క్లిక్ చేస్తే సెలెక్షన్ తిరిగి వస్తుంది. సెలెక్ట్, మాడిఫై, ఎక్స్‌పాండ్‌కి వెళ్లి 15 పిక్సెల్స్ దాకా పెంచండి. లేకపోతే మనిషి అంచు రంగు ఒక గీతలా మిగిలిపోతుంది. తర్వాత ఎడిట్ మెనూలో ఫిల్, అందులో కంటెంట్ అవేర్. మనిషి ఉన్న చోటంతా ఏదో ఒకటి నిండుతుంది. మధ్యలో ఎంత అసహ్యంగా వచ్చినా కంగారుపడకండి, అది ఎలాగూ మనిషి వెనకే ఉండిపోతుంది. మీరు సన్నం చేయబోయే అంచు పక్కన సన్నటి పట్టీ ఒక్కటి శుభ్రంగా ఉంటే చాలు. అక్కడ తలుపు ఫ్రేమ్ లాంటిదుంటే ఆటోమేటిక్ ఫిల్‌ని నమ్మకండి. కొంచెం పైనున్న మంచి ముక్కని చతురస్రంగా సెలెక్ట్ చేసి, కంట్రోల్ జె కొట్టి, మూవ్ టూల్‌తో కిందికి జరిపి అతికించండి. ముక్క దగ్గరిదే కావాలి. గోడ మీద వెలుగు పైనుంచి కిందికి మారుతూ ఉంటుంది, దూరం నుంచి తెస్తే రంగు కలవదు.

మనిషిని లావు చేయాలన్నా, ఖాళీ గోడ ముందు నిలబడి ఉన్నా ఈ బ్యాక్‌గ్రౌండ్ పని అక్కర్లేదు.

మాస్క్‌ని లోపల పెట్టి స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయండి

ఇక్కడ చాలామంది తడబడతారు. నేనూ మొదట్లో చాలా రోజులు తడబడ్డాను.

మనిషి లేయర్‌కి మాస్క్ బయట ఉండగానే స్మార్ట్ ఫిల్టర్‌గా (తర్వాత మళ్లీ మార్చుకోగలిగే ఫిల్టర్‌గా) లిక్విఫై (పిక్సెల్స్‌ని బ్రష్‌తో నెట్టే ఫిల్టర్) చేస్తే ఫిల్టర్ పిక్సెల్స్‌ని మాత్రమే జరుపుతుంది, మాస్క్ ఉన్నచోటే ఉండిపోతుంది. చెయ్యి లోపలికి వెళ్తుంది కానీ, కత్తిరించిన అంచు పాత చోటే ఉంటుంది. ఆ రెంటి మధ్య పాత గోడ సన్నటి పట్టీలా, చెయ్యి చుట్టూ తెల్లటి హారంలా మిగిలిపోతుంది. దాన్ని చూసి "సెలెక్షన్ బాగా రాలేదు" అనుకుని మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లం. సెలెక్షన్‌లో ఏ లోపమూ లేదు.

దీనికి మందు తేలికే. మాస్క్‌తో సహా మనిషి లేయర్ మీద రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు స్మార్ట్ ఆబ్జెక్ట్ నొక్కండి (స్మార్ట్ ఆబ్జెక్ట్ అంటే లేయర్‌ని విడి ఫైల్‌లా లోపల దాచే పెట్టె లాంటిది). మాస్క్ లోపలికి వెళ్లిపోయి, కత్తిరించిన అంచు ఒంటిలో భాగమైపోతుంది. ఇక ఒళ్లు ఎటు జరిగితే అంచూ అటే జరుగుతుంది. ఇంకో లాభమూ ఉంది. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద చేసిన లిక్విఫై ఎప్పుడైనా మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు, నెల తర్వాతైనా సరే. సెలెక్షన్ అంచు సవరించాలంటే స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద డబుల్ క్లిక్ చేసి లోపలి ఫైల్‌లో మాస్క్ దిద్దుకుని సేవ్ చేయండి.

లిక్విఫై: చెయ్యి ఒకటి దగ్గరగా చూద్దాం

ఫిల్టర్ మెనూలో లిక్విఫై, లేదా షిఫ్ట్ కంట్రోల్ ఎక్స్. తెరవగానే షో బ్యాక్‌డ్రాప్ టిక్ పెట్టండి. కింది లేయర్లు కూడా కనిపిస్తాయి, చుట్టుపక్కలతో పోల్చుకోవచ్చు.

మొదట తాళం వేయాలి. ఎఫ్ నొక్కితే ఫ్రీజ్ మాస్క్ టూల్ వస్తుంది. కదలకూడనిదంతా ఎర్రగా పూసేయండి. పైచెయ్యి సన్నం చేస్తున్నాం అనుకుందాం. పక్కనున్న ఛాతీ, నడుం, భుజం కీలు, మోచేయి, చేతికి గడియారం ఉంటే అదీ, అన్నిటికీ ఎరుపు పూయాలి. ఫ్రీజ్ అంచు మరీ గట్టిగా ఉంటే దాని పక్కన మెట్టులా విరుగుతుంది. అందుకని కొంచెం పెద్ద బ్రష్‌తో మెత్తగా పూయండి. పొరపాటున ఎక్కువైతే డి నొక్కి థా మాస్క్‌తో చెరిపేయొచ్చు.

తర్వాత డబ్ల్యూ నొక్కి ఫార్వర్డ్ వార్ప్ తీసుకోండి. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు చిన్న బ్రష్. చిన్న బ్రష్‌తో పది సార్లు నెడితే పది చిన్న గుంటలు పడతాయి, చెయ్యి అంచు అలల్లా అవుతుంది. బ్రష్ సైజు చెయ్యి వెడల్పుకి కనీసం రెట్టింపు పెట్టండి. ప్రెషర్ 20 నుంచి 30 మధ్య, డెన్సిటీ 50 దగ్గర నాకు బాగా కుదురుతుంది. బ్రష్ మధ్య బిందువుని చెయ్యి అంచు మీదే ఉంచి, చెయ్యి మధ్య గీత వైపు చాలా కొద్దిగా నెట్టండి. బ్రష్ సైజులో సగం జరిగి మళ్లీ నెట్టండి. అలా భుజం కింద మొదలుపెట్టి మోచేతి పైదాకా ఒకే దిశలో వెళ్లండి. కండ ఎక్కువగా ఉన్న మధ్యలో ఎక్కువ, కీళ్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ ఉండకూడదు.

తర్వాత రెండో అంచు. చెయ్యికి రెండు వైపులుంటాయి. బయటి అంచునే నెడితే లోపలి ఎముక పక్కకు తప్పినట్టుంటుంది. మొత్తం ఎంత తగ్గించాలో అందులో సగం బయటి నుంచి, సగం లోపలి నుంచి తీయండి. లోపలి వైపు ఛాతీ తగులుతుంటే అక్కడ కొంచెమే తీయగలరు, ఫరవాలేదు.

కీళ్ల మాట ఇంకోసారి చెప్తాను, ఎందుకంటే ఒంటిని నమ్మించేవి అవే. భుజం, మోచేయి, మణికట్టు, మోకాలు, చీలమండ ఎముక బయటికి దగ్గరగా ఉండే చోట్లు. అక్కడ లావు సన్నం పెద్దగా మారవు. కీలు జరిగిందంటే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది.

చొక్కా ఉబ్బు కోసం పుష్ లెఫ్ట్ టూల్ బాగుంటుంది, ఓ నొక్కితే వస్తుంది. పైకి గీస్తే పిక్సెల్స్ ఎడమకు, కిందికి గీస్తే కుడికి జరుగుతాయి. పొడుగాటి అంచుని ఒకే ఊపులో సర్దడానికి దీన్ని మించింది లేదు. బలం ఎక్కువ కాబట్టి ప్రెషర్ ఇంకా తగ్గించండి. చారల చొక్కా అయితే మాత్రం జాగ్రత్త, చారలు దగ్గరికి వస్తున్నాయా వంకర పోతున్నాయా అని ప్రతి గీతకూ చూసుకోండి. గళ్ల బట్ట మీద నేను లిక్విఫై దాదాపు వాడను. ఆ భాగాన్ని కంట్రోల్ టి తో (సైజు మార్చే ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్) మొత్తంగా కొద్దిగా ఇరుకు చేస్తేనే గళ్లు నిలబడతాయి.

వైడ్ లెన్స్ వల్ల అంచున సాగిపోయిన మనిషికి కూడా కంట్రోల్ టి యే సరైన మందు. మనిషి లేయర్ మొత్తాన్ని అడ్డంగా మూడు నాలుగు శాతం ఇరుకు చేసి చూడండి, చాలాసార్లు లిక్విఫై అవసరమే పడదు.

ముఖం సంగతి కొంచెమే చెప్తాను. 2016లో వచ్చిన ఫేస్ అవేర్ లిక్విఫైలో కళ్లు, ముక్కు, దవడకు స్లైడర్లున్నాయి. జరపడం మరీ తేలిక, అందుకే ప్రమాదం. మరీ దగ్గర నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దగా పడుతుంది, దాన్ని ఐదారు పాయింట్లు తగ్గించడంలో తప్పులేదు. పది దాటితే ఫొటోలో ఉన్నది వేరే మనిషి అవుతుంది.

మాస్క్‌తో వెనక్కి తీసుకోవడం

ఓకే నొక్కి బయటికొస్తే స్మార్ట్ ఫిల్టర్ పక్కన ఒక తెల్ల మాస్క్ కనిపిస్తుంది. దాని మీద నల్ల రంగు పూస్తే ఆ చోట లిక్విఫై పోయి అసలు ఒళ్లు తిరిగి వస్తుంది. తెలుపు పూస్తే మార్పు మళ్లీ వస్తుంది. ఎక్స్ కీ నలుపు తెలుపుల్ని తారుమారు చేస్తుంది. మాస్క్ మొత్తాన్ని నలుపు చేసి (కంట్రోల్ ఐ), కావలసిన చోట మాత్రమే తెలుపు పూసుకుంటూ రావడం నాకు ఇష్టం. ఎక్కడ మార్పు వచ్చిందో నాకు తెలిసే వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. బూడిద రంగు అంటే సగం మార్పు అని చాలామంది అనుకుంటారు. రంగుల విషయంలో అది నిజమే. ఆకారం విషయంలో కాదు. చెయ్యి అంచు పాత చోట ఒకటి, కొత్త చోట ఒకటి ఉన్నాయి. మధ్యలో బూడిద పూస్తే అంచు సగం దూరం జరగదు, రెండు అంచులూ సగం సగం కనిపిస్తాయి. చెయ్యి పక్కన ఇంకో చెయ్యి నీడలా నిలబడుతుంది. ఒపాసిటీ తగ్గించినా అదే జరుగుతుంది. దూరం నుంచి చూస్తే ఫోకస్ తప్పిందేమో అనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే రెండు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి.

కాబట్టి మాస్క్‌లో నలుపు తెలుపు కలిసే చోటు ఎక్కడుండాలో ముందే ఎంచుకోవాలి. అంచు అసలు జరగని చోట, అంటే కీలు దగ్గర, లేదా అంచులేవీ లేని మెత్తటి చర్మం మధ్యలో, సాదా బట్ట మధ్యలో ఉండాలి. జరిగిన అంచుని అడ్డంగా కోస్తూ బూడిద పట్టీ పోకూడదు. ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే కనిపిస్తుంది, అప్పుడు బూడిద ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

మార్పు మొత్తం ఎక్కువైందనిపిస్తే మాస్క్ జోలికి పోకండి. లిక్విఫై మీద డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లి, రీకన్‌స్ట్రక్ట్ బటన్ నొక్కి, స్లైడర్‌ని 100 నుంచి 70కో 60కో దించండి. అప్పుడు అంచు నిజంగానే సగం దారిలోకి వస్తుంది. నేను ప్రతి ఫొటోకీ చివర్లో ఒకసారి ఇలా తగ్గిస్తాను. పని చేస్తున్నంతసేపూ కన్ను కొత్త ఆకారానికి అలవాటు పడి ఇంకొంచెం, ఇంకొంచెం అంటుంది. కొంత వెనక్కి తగ్గితే గానీ నిజానికి దగ్గరగా రాదు.

భంగిమ మార్చాలంటే

చెయ్యి ఒంటికి నొక్కుకుని ఉంటే సన్నం చేయడం కంటే కొద్దిగా ఎడంగా జరపడమే మేలు. దానికి ఎడిట్ మెనూలో పప్పెట్ వార్ప్ ఉంది, 2010లో సీఎస్5తో వచ్చింది. కత్తిరించిన మనిషి లేయర్ మీదే ఇది పనిచేస్తుంది. భుజం, మోచేయి, మణికట్టు మీద ఒక్కో పిన్ను, ఒంటి మీద కదలకుండా నాలుగైదు పిన్నులు గుచ్చండి. మోచేతి పిన్ను పట్టుకుని ఐదారు డిగ్రీలకు మించకుండా జరపండి. చంక దగ్గర కొత్తగా ఒక సందు తెరుచుకుంటుంది, అందులోంచి కింది బ్యాక్‌గ్రౌండ్ కనిపిస్తుంది. అక్కడ పాత నీడ కూడా ఉండాలి కదా. కొత్త లేయర్ తీసుకుని, బ్లెండింగ్ మోడ్ (కింది లేయర్‌తో రంగులు కలిసే తీరు) మల్టిప్లై పెట్టి, పక్కనున్న నీడ రంగునే తీసుకుని పలచగా పూయండి.

జింప్ వాడేవాళ్లకు

జింప్‌లో వార్ప్ ట్రాన్స్‌ఫార్మ్ టూల్ ఉంది, 2018లో వచ్చిన 2.10 వెర్షన్‌తో చేరింది, డబ్ల్యూ నొక్కితే వస్తుంది. మూవ్ పిక్సెల్స్, గ్రో, ష్రింక్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఎరేజ్ వార్పింగ్ పెట్టుకుని పూస్తే ఎక్కువైన చోట తగ్గించవచ్చు. ఎంటర్ నొక్కాక ఆ మార్పు లేయర్‌లో కలిసిపోతుంది, ఫొటోషాప్‌లోలా మళ్లీ తెరిచి దిద్దడం కుదరదు. అందుకని ప్రతి మార్పుకీ లేయర్‌ని ముందు డూప్లికేట్ చేయండి. "చెయ్యి", "చొక్కా" అని విడివిడిగా పేర్లు పెట్టుకోండి. వార్ప్ చేసిన లేయర్‌కి నల్ల మాస్క్ చేర్చి, కావలసిన చోట తెలుపు పూయండి. బూడిద రంగు గురించి చెప్పిందంతా ఇక్కడా వర్తిస్తుంది. ఫైల్‌ని ఎక్స్‌సీఎఫ్‌గానే (లేయర్లు నిలిచి ఉండే జింప్ సొంత ఫార్మాట్) సేవ్ చేసుకోండి.

తనిఖీ

మొదట నీడ, అద్దం. గోడ మీద మనిషి నీడ పడి ఉంటే అది పాత ఆకారంలోనే ఉంటుంది. వెనక అద్దంలోనూ అంతే. ఒళ్లు మారి నీడ మారకపోతే ఎంత బాగా చేసినా దొరికిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌లోని నీడని కూడా అంతే మేరకు జరపండి.

తర్వాత ఫొటోని అడ్డంగా తిప్పి చూడండి, అద్దంలో చూసినట్టు. అలవాటు పడిన కన్నుకి తప్పులు అప్పుడే కనిపిస్తాయి. తలుపులు, కిటికీల పక్కన రూలర్ నుంచి ఒక గైడ్ లాగి పెట్టి, గీతలు నిటారుగా ఉన్నాయా అని పోల్చండి.

ఇంకో గట్టి పరీక్ష ఉంది. అసలు ఫొటోని కాపీ చేసి అన్నిటికంటే పైన పెట్టి, బ్లెండింగ్ మోడ్ డిఫరెన్స్ చేయండి. మారనిదంతా నల్లగా ఉంటుంది, మారిన చోటు మాత్రమే వెలుగుతుంది. మీ జాబితాలో లేని చోట వెలుగు కనిపిస్తే, ముఖం మీదో వేళ్ల మీదో, బ్రష్ పొరపాటున అక్కడ తగిలిందన్నమాట. వెళ్లి మాస్క్‌లో నలుపు పూసి రండి.

చివరగా 100 శాతం జూమ్‌లో చర్మాన్ని చూడండి. సాగదీసిన చోట ఫొటోలోని సహజమైన గరుకుదనం పోయి నున్నగా ప్లాస్టిక్‌లా ఉంటుంది. కొత్త లేయర్‌ని 50 శాతం బూడిదతో నింపి, ఓవర్‌లే పెట్టి, ఒకటి రెండు శాతం నాయిస్ చేర్చి, ఆ చోట మాత్రమే కనిపించేలా మాస్క్ చేయండి.

ఎక్కడికి పంపుతున్నారో చూసుకోండి

ఇంట్లో పెట్టుకునే ఫొటోకి అడిగి చేస్తే చాలు. వార్తల ఫొటోల్లో, గుర్తింపు కార్డు ఫొటోల్లో ఆకారం మార్చకూడదు, ఒక్క పిక్సెల్ కూడా. ప్రకటనలకైతే కొన్ని దేశాల్లో చట్టమే ఉంది. మోడల్ ఒంటి ఆకారాన్ని సన్నంగానో లావుగానో మార్చిన వాణిజ్య ఫొటోల మీద ఆ సంగతి రాసి తీరాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి నిబంధన ఉంది. నార్వేలో అలాంటిదే 2022లో అమల్లోకి వచ్చింది. క్లయింట్ కోసం చేస్తున్నప్పుడు ఏం మార్చారో ఆ జాబితా కాగితాన్ని కూడా ఫైల్‌తో పాటు ఇచ్చేయండి.

లేయర్లన్నీ ఉన్న ఫైల్‌ని విడిగా దాచుకుని, కాపీని ఫ్లాటెన్ చేసి (లేయర్లన్నీ ఒకటిగా కలిపి), షార్పెనింగ్ ఇప్పుడు చేసి జేపెగ్ తీయండి. పంపే ముందు ఒక రాత్రి ఆగండి. పొద్దున్నే ఫొటో తెరిచినప్పుడు మీ కన్ను మొట్టమొదట మీరు దిద్దిన చోటికే వెళ్తే, లిక్విఫై మళ్లీ తెరిచి రీకన్‌స్ట్రక్ట్ స్లైడర్‌ని ఇంకో పది దించండి.